అటకెక్కిన మాత్రల డబ్బా

తిండి గురించి రాసే కుర్రవాళ్లు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఫోన్లలో రాసేవాళ్లు, వంట వీడియోలకు మాటలు రాసిపెట్టేవాళ్లు, పత్రికల్లో మిగిలిన ఒకరిద్దరు. అందరూ అడిగేది ఒకటే. "సార్, చదివినవాళ్లు నమ్మాలంటే ఎలా రాయాలి?" నిజం రాయండి అంటే మర్యాదగా తల ఊపి, కాసేపాగి మళ్లీ అదే అడుగుతారు. వాళ్లు అడుగుతున్నది నిజం సంగతి కాదని నాకూ తెలుసు. వాళ్ల ముఖం చూస్తూ చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. చిట్కాల కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను తిండి రాతల్లోకి వంటింట్లోంచి రాలేదు, చర్చావేదికల మీద నుంచి వచ్చాను. పోలీసు చర్య తర్వాత మా ఊళ్లో గ్రంథాలయం తెరిచారు. దాని వరండాలోనే వాదోపవాద సభలు జరిగేవి. జాతకాలున్నాయా, దయ్యాలున్నాయా, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, అంటు ఎవరు పుట్టించారు. మీసం రాని వయసులో ఆ వరండాలో కూర్చుని నేర్చుకున్న నియమం ఒకటుంది. ఎదుటివాడి వాదనను ముందు అతనికంటే బాగా చెప్పాలి, ఆ తర్వాతే దాన్ని కొట్టాలి. అలా కొట్టిన దెబ్బకు తిరుగుండదని మా పెద్దలు చెప్పేవారు. నేను నమ్మాను. జీవితమంతా అదే పద్ధతిలో రాశాను.

మా ఆఫీసు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు దిగే దారిలో ఉండేది. ఒక నిర్మాత ముచ్చటపడి కట్టుకుని, సినిమా పోయాక అద్దెకిచ్చిన మేడ. అక్కడ ఒక దినపత్రిక ఆదివారం అనుబంధం తయారయ్యేది. అప్పటికి మెట్రో రైలు మాటే లేదు. చుట్టూ ఇంకా రాళ్ల గుట్టలు పేలుస్తూ ఇళ్లు కడుతున్నారు. ఎదురుగా టీ కొట్టు దగ్గర పోలీసు వేషంలో ఉన్నవాడూ, రక్తం పూసుకున్న దొంగ వేషంలో ఉన్నవాడూ ఒకే బీడీ పంచుకుంటూ కనిపించేవారు. ఆ వీధిలో అందరికీ అందరి అసలు ముఖాలూ తెలుసు. అయినా తెర మీద చూసి ఏడ్చేవాళ్లు. ఈ సంగతి నాకు అప్పట్లో తమాషాగా ఉండేది.

నా శీర్షిక పేరు 'కంచంలో నిజం'. కల్తీ నూనెలు, రంగు పూసిన మిఠాయిలు, గ్రహణం పూట వండిన కూరను కుక్కలకు వేసే మూఢత్వం, బలం పేరుతో సీసాల్లో అమ్మే చక్కెర పాకం. ప్రతి వారం ఒకదాన్ని పట్టుకుని బోనెక్కించేవాణ్ణి. రాసినదాంట్లో తప్పు ఉండేది కాదు. డాక్టర్లను అడిగి, పుస్తకాలు చూసి రాసేవాణ్ణి. ఉత్తరాలు మాత్రం వచ్చేవి కావు. వస్తే తిట్లే.

"మాస్టారూ, మీ కంటెంట్‌కి వంక పెట్టలేం," అనేవాడు మా ఎడిటర్. నాకంటే పదేళ్లు చిన్నవాడు, మంచివాడే. "టోన్ మాత్రం ఛార్జ్‌షీట్‌లా ఉంటుంది. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఛార్జ్‌షీట్ ఎవడు చదువుతాడు చెప్పండి?"

"నేరం జరిగినప్పుడు ఛార్జ్‌షీటే రాస్తారు," అనేవాణ్ణి.

ఈ మాటకు పక్క టేబుల్ నుంచి నవ్వు వినిపించేది. అక్కడ మా పేజీలు పెట్టే అతను కూర్చునేవాడు. రోజూ మోతీనగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. నలభై దాటిన మనిషి. మేం రాసినవాటిని కంప్యూటర్ తెర మీద కాలమ్‌లలో సర్ది, బొమ్మలు కూర్చి, చోటు చాలకపోతే కోసి, పేజీని అచ్చుకు సిద్ధం చేయడం అతని పని. అంటే మా ప్రతి అక్షరానికీ మొదటి పాఠకుడు అతనే. షుగర్ జబ్బుంది, దాచుకునేవాడు కాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన మాత్ర పెట్టుకుని, తిన్న వెంటనే వేసుకునేవాడు. టీ కొట్టువాడు చక్కెర కలపబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నా ఒంట్లనే ఫ్యాక్టరీ నడుస్తుంది భాయ్, బయటి మాల్ వద్దు," అనేవాడు.

ఆ రోజుల్లోనే ఫిల్మ్‌నగర్ నుంచి ఒక డైలాగ్ రైటర్ మా మెట్లెక్కి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. సినిమాలకు మాటలు రాయాలని వచ్చి, ఇంకొకరి పేరు మీద రాసి రాసి విసిగిపోయాడు. ఒక్క గదిలో ఉండేవాడు, మెస్సులో తినేవాడు. ఎడిటర్ అతనికి ఒక పరీక్ష పెట్టాడు. పచ్చడి తగ్గించమని చెప్పాలి, నేనొకటి రాయాలి, అతనొకటి రాయాలి.

నేను రాసింది మీరు ఊహించగలరు. ఉప్పు, రక్తపోటు, గుండె. అతను రాసినదాంట్లో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె అందరికీ వడ్డించి చివర కూర్చుంటుంది. కంచం అంచున ఆవకాయ బొట్టంత పెట్టుకుంటుంది. అన్నమంతా దాన్ని తాకీ తాకనట్టు తింటుంది. చివరి ముద్దలో మాత్రం ఆ బొట్టు మొత్తం కలుపుతుంది. "ఊరించుకుంటేనే రా దాని రుచి. కుమ్మరించుకుంటే అది మనల్ని తింటుంది," అంటుంది. అంతే. రక్తపోటు అన్న మాట లేదు.

పేజీలు పెట్టే అతను రెండూ చదివాడు. "సార్, ఏమనుకోకుండ్రి. మీది చదివితే పచ్చడి మీద భయం పుడుతది. భయమైనప్పుడు నేను ఇంక రెండు ముద్దలు ఎక్కువ తింట. ఈయనది చదివితే గా చివరి ముద్ద కోసం ఆగబుద్ధి అయితది."

నాకు కోపం రాలేదు. ఆశ పుట్టింది. నేనే ఎడిటర్‌కి చెప్పాను, ఇద్దరం కలిసి రాస్తామని. సరుకు నాది, గొంతు అతనిది. 'పెద్దమ్మ వంటిల్లు' అలా మొదలైంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం ఎందుకు మంచిది కాదో నేను ఒక కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. అతను దాన్ని చదివి, కళ్లు మూసుకుని, "మాస్టారూ, ఇక్కడ పెద్దమ్మ చేట తీస్తుందండీ," అనేవాడు. చేట తీసేది. తవుడు ఎగిరేది. చదివినవాళ్ల ముక్కుకు వాసన తగిలేది. ఉత్తరాలు మొదలయ్యాయి. జొన్నరొట్టె మళ్లీ చేస్తున్నామని, కూల్ డ్రింకులు మాన్పించామని, పెద్దమ్మగారి కాళ్లకు దణ్ణం పెట్టామని చెప్పమని. మీసాల పెద్దమ్మ ఆ ఉత్తరాలు చదివి సిగరెట్ వెలిగించుకునేవాడు. పేజీలు పెట్టే అతను, "పెద్దమ్మా, నా టిఫిన్ల పప్పు ఉన్నది, జర తిను," అని ఆటపట్టించేవాడు. డైలాగ్ రైటరూ మొహమాటం లేకుండా తినేవాడు.

నా ఉద్యోగంలో ఆనందం అంటే ఆ కాలమే. నిజానికి మొదటిసారి పాఠకులు దొరికారనుకున్నాను. ఒక సంగతి మాత్రం నన్ను కొరుకుతుండేది. అమ్మమ్మల కాలం ఆరోగ్యాల కాలమన్నది శుద్ధ అబద్ధం. మా అమ్మమ్మ పురిట్లో పోయింది. ఆ కాలంలో సగం మంది పిల్లలు విరేచనాలకు పోయేవారు. కానీ పెద్దమ్మ గొంతులో ఆ చావులు పలికేవి కావు. ఆ గొంతుకు గతమంతా వెన్న కాచిన వాసనే. అడిగితే అతను, "చావు పెడితే కంచం ముందు నుంచి జనం లేచిపోతారండీ," అనేవాడు. నేను సర్దుకున్నాను. ఒక మంచి పని జరుగుతుందనుకున్నప్పుడు మనం చాలా సర్దుకుంటాం.

ఒకసారి ఎడిటర్ షుగర్ మీద ప్రత్యేక సంచిక అన్నాడు. నేను రాసిచ్చిన కాగితంలో వేళకు తినడం, నడక, మాత్రలు, పరీక్షలు ఉన్నాయి. డైలాగ్ రైటర్ రెండు రోజులు దాన్ని పట్టుకుని తిరిగి, "ఇందులో పెద్దమ్మకి పనేం లేదండీ," అన్నాడు. ఆ తర్వాత తనే ఒకటి రాసుకొచ్చాడు. నేరేడు గింజల పొడి, మెంతులు, కాకరాకు వేసి కాచే కషాయం. పెద్దమ్మ తెల్లవారుజామున లేస్తుంది, కట్టెల పొయ్యి మీద గిన్నె పెడుతుంది, మొగుడు పొలం నుంచి వచ్చేసరికి గ్లాసు చేతికిస్తుంది. చివర్లో చిన్న బెల్లం ముక్క నోట్లో వేస్తుంది. ఏడాది తిరిగేసరికి, "మా ఆయన మాత్రల డబ్బా అటకెక్కింది. ఇప్పటిదాకా దిగలేదు."

నేను ఆ కాగితం పట్టుకుని అతని మీద పడ్డాను.

"షుగర్ రోగికి బెల్లమా?"

"ఉత్త చేదు ఎవరు చదువుతారండీ మాస్టారూ?"

"చదవడానికి కాదయ్యా, తాగుతారు. నిజంగా కాచుకుని తాగుతారు. అది తెలుస్తోందా నీకు? ఆ డబ్బా అటకెక్కడమేంటి? ఎవరి డబ్బా? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. సీన్ అక్కడికి ఎక్కాలండీ. పెద్దమ్మ అంత కష్టపడ్డాక ఏదో ఒకటి గెలవాలి కదా."

ఎడిటర్ దగ్గర పంచాయతీ జరిగింది. బెల్లం తీయించాను. డబ్బా మాత్రం తీయనివ్వలేదు. "మాస్టారూ, పీస్ మొత్తం నిలబడ్డదే ఆ లైన్ మీద," అన్నాడు ఎడిటర్. చివరికి రాజీ కుదిరింది. డబ్బా ఉంటుంది. వ్యాసం చివర నేను నాలుగు వాక్యాలు చేరుస్తాను. చేర్చాను కూడా. కషాయం వైద్యం కాదు. డాక్టరు చెప్పకుండా మాత్రలు మానడం ప్రమాదం. చక్కెర పెరిగినట్టు ఒంటికి తెలియదు. తెలిసేసరికి కళ్లు, కిడ్నీలు చెడతాయి.

పత్రికల్లో ఒక అలవాటుంది, మీలో కొందరికి తెలియకపోవచ్చు. వార్తలో ముఖ్యమైన సంగతి పైన రాస్తాం, ప్రాధాన్యం లేనిది కిందికి పోతుంది. చోటు చాలనప్పుడు కింది నుంచి కోస్తారు. వార్తకు ఈ పద్ధతి సరిపోతుంది. కథలో ముఖ్యమైనది చివరికి వస్తుంది. ఆ శుక్రవారం సాయంత్రం పేజీ అంతా అయ్యాక ఒక సినిమా ప్రకటన పెద్దదై వచ్చింది. వ్యాసంలో కొన్ని లైన్లు పోవాలి. నేను అప్పటికి ఇంటికి వెళ్లిపోయాను. ఆదివారం పొద్దున పేపరు తీస్తే పెద్దమ్మ వ్యాసం అటక మీది డబ్బాతో ముగిసింది. దాని కింద హీరో నవ్వుతున్నాడు.

సోమవారం ఆఫీసులో అందరినీ నిలదీశాను. ఎవరు కోశారో ఎవరూ చెప్పలేదు. "ఆపరేషన్ ఎమర్జెన్సీలో అయిపోయింది మాస్టారూ," అన్నాడు ఎడిటర్. "వచ్చే వారం ఆ లైన్లు చిన్న బాక్స్‌గా వేద్దాం." వచ్చే వారం ఆ బాక్స్‌కీ చోటు దొరకలేదు.

ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. అనుబంధం చరిత్రలో అన్ని ఎప్పుడూ రాలేదు.

కొన్ని నెలలయ్యాక పేజీలు పెట్టే అతను చిక్కినట్టు కనిపించాడు. అందరూ స్మార్ట్‌గా అయ్యావని మెచ్చుకున్నారు. నేనూ అన్నానేమో. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన మాత్ర కనిపించలేదు.

"మందు మర్చిపోయావా?"

"మర్శిపోలే సార్, మానేసిన. కషాయం తాగుతున్న. మంచిగున్న, కాళ్ల మంటలు గూడ తగ్గినయ్. ఫికర్ చేయకుండ్రి."

ఆ రోజు నేను అందరి ముందూ అతనికి అరగంట చెప్పాను. చెప్పడం కాదు, వాదించాను. రక్తంలో చక్కెర గురించి, కంటి నరాల గురించి, కాళ్ల మంట తగ్గడం బాగుపడటం కాదు, తిమ్మిరెక్కడమని, మనిషి నమ్మకాన్నే రుజువనుకోవడం గురించి. నా వాదనలో ఒక్క చిల్లు లేదు. అతను చేతులు కట్టుకుని, తల వంచుకుని విన్నాడు. "సరే సార్," అన్నాడు. మర్నాడు కూడా మాత్ర లేదు.

అప్పుడు నాకు తెలిసిన ఆయుధాన్నే తీశాను. 'కంచంలో నిజం'లో కషాయం మీద పూర్తి పేజీ రాశాను. వరండాలో నేర్చుకున్న నియమం ప్రకారం ముందు కషాయం తరఫున వాదించాను. దాన్ని ఎలా కాస్తారో, ఎందుకు నమ్ముతారో, తాగినవాళ్లకు ఏమనిపిస్తుందో, పెద్దమ్మ కంటే వివరంగా చెప్పాను. తర్వాత ఒక్కొక్కటిగా పడగొట్టాను. అంత గట్టి వ్యాసం నేను అంతకు ముందు రాయలేదు, తర్వాతా రాయలేదు. ఈసారి ఉత్తరాలు వచ్చాయి. చాలావాటిలో ఉన్నది ఒకే ప్రశ్న. మెంతులు వేయించి వేయాలా, పచ్చివే వేయాలా అని. పెద్దమ్మగారు ఆ సంగతి స్పష్టంగా చెప్పలేదట, నేను కొంచెం నయమట.

ఆ పేజీని పెట్టింది కూడా అతనే. అక్షరం అక్షరం తెర మీద సర్దాడు. "మంచిగ రాసిండ్రు సార్," అన్నాడు.

ఇక ఆ రోజు. వర్షం పడుతోంది. ఆఫీసులో ఎప్పటిలాగే శుక్రవారం తొందర. పేజీలు పెట్టే అతను కుర్చీ వెనక్కి నెట్టి, "సార్, మానిటర్ ఖరాబైంది," అన్నాడు.

"ఏమైంది?"

"నల్లగ ఏందో పారుతుంది. సిరా కారినట్టు. పైనుంచి కిందికి."

సిస్టమ్స్ కుర్రాడు వచ్చి చూశాడు. తెర బాగానే ఉంది. వైరు ఊడదీసి పెట్టాడు. అతను జేబురుమాలుతో తెర తుడిచాడు. ఎడిటర్ వచ్చి పక్క టేబుల్ మానిటర్ తెచ్చి పెట్టమన్నాడు. తెచ్చి పెట్టారు. పేజీ తెరిచారు. అందరం అతని వెనక నిలబడ్డాం. పేజీ మీద ఒక హీరోయిన్ బొమ్మ తెల్లగా, శుభ్రంగా ఉంది.

"గీ మానిటర్‌ల గూడ కారుతుంది సార్," అన్నాడు అతను, చిన్నగా. "ఆమె మొఖం మీదికెళ్లి."

అప్పుడు మాకు అర్థమైంది. సిరా కారుతున్నది తెర మీద కాదు. డైలాగ్ రైటర్ అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. నేనూ డైలాగ్ రైటరూ కలిసి పేజీలు పెట్టే అతన్ని ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా అతను ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి షాపుల బోర్డులు చదవడానికి చూస్తూనే ఉన్నాడు. కంటి లోపల రక్తం కారిందని డాక్టరు చెప్పింది. ఒక కన్ను పోయింది. రెండో కంట్లో కాస్త వెలుగు మిగిలింది, దాన్నైనా నిలుపుకోవాలంటే మాత్రలు మళ్లీ మొదలు పెట్టాల్సిందేనంది. పేజీలు పెట్టే ఉద్యోగం మాత్రం ఆ రోజుతోనే అయిపోయింది.

ఎడిటర్ చాలా బాధపడ్డాడు. నిజంగానే. తర్వాత, "మాస్టారూ, ఆ షుగర్ పీస్ రీప్రింట్ అడుగుతున్నారు, ఏం చేద్దాం?" అన్నాడు. డైలాగ్ రైటర్ శీర్షిక మానేశాడు. వేరే ఎవరో రాశారు. పెద్దమ్మ ఒక్క వారం కూడా ఆగలేదు.

ఇక్కడ మీలో కొందరు అనుకుంటారు, ముసలాయన కాస్త మెత్తగా చెప్పి ఉంటే బాగుండేదని. నేను ఒప్పుకోను. మెత్తదనం దగ్గర నిజమూ ఉంది, అబద్ధమూ ఉంది. రెంటినీ అది ఒకే మురిపెంతో మోసింది. ఆవకాయ బొట్టును నమ్మించిన వాక్యం, డబ్బాను అటకెక్కించిన వాక్యం ఒకే కలం నుంచి, ఒకే నేర్పుతో వచ్చాయి. చదివేవాడికి వాటి మధ్య తేడా తెలిసే గుర్తు ఒక్కటీ లేదు. నా గొంతు కరుకైనా అందులో తేడా తెలిసేది. కానీ ఆ గొంతును ఎవరూ లోపలికి రానివ్వలేదు. ఈ రెంటికీ మధ్య దారి ఎక్కడుందో నాకు దొరకలేదు. దొరికిందని చెప్పేవాళ్ల పుస్తకాలు చదివాను. అవి కూడా బాగా రాసిన పుస్తకాలే.

కొన్ని వారాల తర్వాత డైలాగ్ రైటర్ నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, నేను చెబితే వింటాడండీ. నేనే కదా రాసింది. రండి," అన్నాడు. డాక్టరు చెప్పినా పేజీలు పెట్టే అతను మాత్రలు మొదలు పెట్టలేదని మాకు తెలిసింది. మిగిలిన ఆ కాస్త వెలుగూ పోయేలోగా వెళ్లాలని ఇద్దరం మోతీనగర్ వెళ్లాం.

మేడ మీద రెండు గదుల ఇల్లు. అతని భార్య మిషను మీద చీరలకు ఫాల్స్ కుట్టుకుంటోంది. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం మా అడుగుల వైపు తిప్పాడు.

"ఎవరు కోసిండ్రని ఆఫీసంత అడిగిండ్రు గద సార్, అప్పుడు," అన్నాడు. "నేనే కోసిన."

"అలవాటు కదా, కింది నుంచి కోయడం," అన్నాను, అతనికి సాయంగా.

"అలవాటు గాదు సార్. చదివే కోసిన. మధ్యల ఆమె మొగుడు పొలంకెళ్లి వచ్చే ముచ్చట కొయ్యొచ్చు. కొయ్యబుద్ధి కాలే. కింద మీ నాలుగు లైన్లు చూస్తె, పెండ్లి ఇంట్ల పోలీసాయన వచ్చి నిలబడ్డట్టున్నది. తీసేసిన. పేజీ సాఫ్ అయింది."

"నీకు షుగర్ ఉంది. ఆ లైన్లు నీలాంటివాళ్ల కోసమేనని తట్టలేదా?"

"తట్టింది. నన్ను చూసే రాసిండ్రని గూడ తెల్సు. అందుకే జర కోపం వచ్చింది. మీరు చెప్పేది కరెక్టే సార్. ఎప్పుడూ కరెక్టే. గానీ మీది చదివితే తప్పు చేసి దొరికినోని లెక్క అయిత. ఆమెది చదివితే నాకు రోగం ఉన్నట్టే అనిపియ్యది."

డైలాగ్ రైటర్ మంచం దగ్గరికి జరిగాడు. "అన్నా, నా మాట విను. ఆ కషాయం నేనెప్పుడూ కాచలేదు, తాగలేదు. నాకసలు పెద్దమ్మే లేదు. మా గదిలో కూర్చుని అల్లిన సీను అది. డబ్బా అటకెక్కడం నేను కల్పించింది. ఒట్టు."

"నాకు తెల్వదా?" అతను నవ్వాడు. "నీకు గుడ్డు ఉడకబెట్టుడు గూడ రాదు. నా టిఫిన్ల పడి తిన్నోనివి."

"మరెందుకు నమ్మావన్నా?"

"నువ్వు రాసినవ్. చెప్పింది ఆమె గద."

డైలాగ్ రైటర్ నా వైపు చూశాడు.  తర్వాత కళ్లు మూసుకున్నాడు. గొంతు మారింది. ఎన్నోసార్లు మా ఆఫీసులో, వాక్యం దొరకనప్పుడు, అతను అలా పైకి పలికి చూసుకోవడం మేం విన్నాం.

"ఒరే నాయనా, ఇలా తిరుగు. మీ పెద్దనాన్న డబ్బా అటకెక్కించానన్నాను కదూ. పొరపాటు పని చేశాను రా. నిన్న స్టూలు వేసుకుని నేనే దింపాను. దుమ్ము దులిపి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టాను. మాత్ర వేసుకుంటే నా చేతి విలువ తక్కువవుతుందనుకున్నాను. కాలేదు. గుక్కెడు నీళ్లు నేనే అందించా. నువ్వూ వేసుకో. నా కోసం వేసుకో."

కుట్టుమిషను ఆగిపోయింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతను ముఖం కొంచెం పైకెత్తి, పాట వింటున్నట్టు విన్నాడు. ఆ మిగిలిన కంట్లో నీళ్లు తిరిగాయి. 

"మంచిగ చెప్పినవ్ భాయ్," అన్నాడు, అతని చెయ్యి తడిమి పట్టుకుని. "గానీ ఇది ఆమె మాట గాదు. సారు రాసిచ్చిండు."

నేను ఒక్క అక్షరం రాసివ్వలేదు. ఆ మాటే చెప్పాను. అతను నమ్మనట్టు, నన్ను నొప్పించకూడదన్నట్టు తల ఊపాడు. "సార్లకు చాయ్ పెట్టు," అన్నాడు భార్యతో. "నాది గూడ పెట్టు, టైమైంది."

ఆమె మా ముగ్గురినీ ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లింది. రెండు గిన్నెలు స్టవ్ మీద పెట్టిన చప్పుడయింది. కాసేపటికి చాయ్ వాసన కంటే ముందు మెంతుల చేదు వాసన వచ్చింది.